పదకొండు పీటలు

నూరెంబర్గ్
4 నవంబర్ 1962

ఒరే ఎర్హార్ట్,

రెండేళ్ళుగా క్రిస్మస్ కార్డు మీద సంతకం తప్ప ఒక్క ముక్క రాయనివాడు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాడంటే ఏదో అవసరం పడిందని నువ్వు పసిగట్టే ఉంటావు. నిజమే, పడింది.

నా దగ్గు నీకు తెలుసు. నా పెళ్ళిలో పాస్టరుగారి ప్రార్థనకి అడ్డం పడిన దగ్గు అది. ఈ వేసవి నుంచి మెట్లెక్కనివ్వడం లేదు. మా ఇల్లు మూడో అంతస్తు. ప్రతి మలుపులో ఆగి గోడకేసి ఏదో చూస్తున్నట్టు నటిస్తాను. పక్కింటావిడ, "రోస్‌నర్‌గారూ, రోజూ ఆ గోడలో ఏం కనిపిస్తుందండీ మీకు?" అంటుంది. డాక్టరు ఎక్స్‌రే తీయించి రాతిదుమ్ము అన్నాడు. అదీ చాలా పాత దుమ్మట. కొండ మీది ఆసుపత్రిలో ఆరునెలలు ఉంటే ఇప్పుడున్న ఊపిరైనా నిలబడుతుందన్నాడు. అక్కడ చేర్చుకోవాలంటే ఇది పని వల్ల వచ్చిన జబ్బని కార్మికుల బీమా బోర్డు ఒప్పుకోవాలి.

బోర్డువాళ్ళు నా కాగితాలు తిరగేసి, "ముప్పై మూడేళ్ళు పెన్సిళ్ళ కార్ఖానా గేటు దగ్గర కాపలా ఉన్నారు కదా. గేటు దగ్గర రాతిదుమ్మేమిటి?" అన్నారు. వెట్స్‌గ్రూన్‌లో తొమ్మిదో ఏట నుంచి పదిహేనో ఏట దాకా పలకలు గీకాను అని చెప్పాను. "రుజువేదీ?" అన్నారు.

రుజువు నువ్వే. మన మూడో పాకలో పీటలు పదకొండు. ఆ పీటల మీద కూర్చున్నవాళ్ళలో కొందరు రెండో యుద్ధంలో పోయారు, కొందరు దగ్గుతూనే పోయారు. నాకు కావలసింది ఒకే ఒక్క వాక్యం, కింద నీ సంతకం. "ఆల్బిన్ రోస్‌నర్ 1917 నుంచి 1923 దాకా మూడో పాకలో పలకలు గీకాడని నాకు తెలుసు." అంతే. నువ్వు రైల్వే గుమాస్తావి, ఊరి చరిత్ర రాసేవాడివి. నీ మాట వాళ్ళు తీసిపారేయలేరు.

బాబెట్ నమస్కారాలు చెప్పమంది. మీ అమ్మగారికి ఎనభై నిండాయి కదూ? అడిగానని చెప్పు.

నీ ఆల్బిన్


వెట్స్‌గ్రూన్
18 నవంబర్ 1962

మిత్రుడు ఆల్బిన్‌కు,

ఉత్తరం అందింది. నీ ఆరోగ్యం గురించి చదివి బాధపడ్డాను. అమ్మ కులాసాగా ఉంది. వినికిడి తగ్గింది కానీ కిటికీలోంచి ఎవరు రైలు దిగారో ఇప్పటికీ అందరికంటే ముందు తనే చెబుతుంది.

వచ్చే జూన్‌తో మన ఊరికి పట్టణ హోదా వచ్చి ఆరువందల ఏళ్ళు. మునిసిపాలిటీ వారు నన్ను పుస్తకం రాయమన్నారు. నేను బడిలో చదివింది తక్కువ. అయినా ముప్పై ఏళ్ళుగా సేకరించినది ఉంది కనుక ఒప్పుకున్నాను. భూగోళం, చరిత్ర, పరిశ్రమ అని మూడు భాగాలు. మొదటి భాగంలో కొంత కింద రాస్తున్నాను, చదివి నీ అభిప్రాయం చెప్పు.

"వెట్స్‌గ్రూన్ పట్టణం లైస్నిట్స్ వాగుకు పైన, రెండు కొండల నడుమ మిట్ట మీద ఉంది. ఉత్తరపు కొండ అంతా నల్ల పలకరాయి. దక్షిణపు కొండ ఫర్ చెట్ల అడవి. చర్చి కప్పుకు ఒక వాలున పడిన వాన ఎల్బె నదిలో కలుస్తుంది, రెండో వాలున పడినది రైన్ నదికి పోతుంది. కప్పులకే కాక, వాన కొట్టే పడమటి గోడలకు కూడా ఇక్కడ నల్లరాతి పెంకులే కప్పుతారు. వాన వెలిసి ఎండ కాసినప్పుడు ఊరు చూడవలసిన దృశ్యం. మంచి ఎండ కాసిన ఉదయం ప్రతి కిటికీలోనూ గాలికి ఆరేసిన ఈకల పరుపులు తెల్లగా కనిపిస్తాయి. ఇది మన స్త్రీల పరిశుభ్రతకు గుర్తు."

నువ్వు అడిగిన కాగితం గురించి: పాత పాక పుస్తకాలు చూడాలి. చూసి రాస్తాను.

ఇట్లు,
ఎర్హార్ట్ ట్రెబ్నర్


నూరెంబర్గ్
2 డిసెంబర్ 1962

ఒరే భూగోళం మాస్టారూ,

సంతకం అడిగితే వాగు పంపావు.

బాబెట్‌కి చదివి వినిపించాను. పిండి పిసుకుతూ అంతా విని, "బాగానే ఉంది. రెండు నదులున్నాయి, రెండు కొండలున్నాయి. మనుషులెప్పుడొస్తారు?" అంది. మూడో భాగంలో వస్తారేమోనన్నాను. "ఈలోగా నువ్వుంటావా?" అంది. దాని సంగతి నీకు తెలుసుగా, నోటికి తలుపు లేదు.

నీ భూగోళంలో ఒకటి తప్పింది, రాసుకో. ఉత్తరపు కొండ మీద, గనికి ఇవతల, మూడో పాక. చిన్న కిటికీ ఒకటి. మధ్యలో పొయ్యి, పొయ్యి చుట్టూ చీల్చిన రాతి పలకలు ఆరబెట్టి ఉంటాయి. రాయిని చీల్చాలంటే తడి కావాలి, గీకి నున్నగా చేయాలంటే పొడిగా ఉండాలి. పొడిగా ఉంటే దుమ్ము. సాయంత్రానికి మన కనుబొమ్మలు ముసలివాళ్ళవిలా తెల్లబడేవి, ఒకరినొకరు చూసుకుని "ఏం తాతా, పొద్దు వాలిందా?" అని నవ్వుకునేవాళ్ళం. పాక కింద నేలమాళిగ, రాళ్ళు తడి ఆరకుండా దాచే చోటు. పని తనిఖీ చేసే దొర బైరాయిట్ నుంచి రైలు దిగితే మనందరినీ అందులోకి తోసేవాళ్ళు. చీకట్లో హెర్మీనె నా చెవి పట్టుకుని, "దగ్గావంటే తంతాను చూడు" అనేది. ఆ పిల్ల ఇరవై రెండో ఏట పోయింది, దగ్గుతోనే.

దొర వస్తున్నాడని కొండ మీదికి ముందే ఎలా తెలిసేదో కూడా రాయనా? వద్దులే. ఈ ఉత్తరం మీ అమ్మగారు చూస్తారేమో.

పరిశ్రమ భాగానికి ఇంకో సంగతి. మొదటి యుద్ధం అయ్యాక పలకల పెట్టెల మీద మద్రాసు, బొంబాయి అని ముద్ర కొట్టేవాళ్ళు. మనం బడి ఎగ్గొట్టి చేసిన పలకలు పట్టుకుని ఎక్కడెక్కడి పిల్లలో బడికి వెళ్ళారు. అందులో నాకేం కోపం లేదు. వాళ్ళకైనా చదువొచ్చింది.

ఆ కాగితం పంపరా. ఈసారి హాస్యానికి అడగడం లేదు.

ఆల్బిన్


వెట్స్‌గ్రూన్
9 జనవరి 1963

శ్రీ ఆల్బిన్ రోస్‌నర్ గారికి,

జవాబు ఆలస్యమైంది. చలి తీవ్రంగా ఉంది. వాగు అడుగు దాకా గడ్డకట్టింది. గూడ్సు బండ్లు వేళకు రావడం లేదు.

రెండవ, మూడవ భాగాలు పూర్తయినవి. మీరు ఆసక్తి చూపినందున వాటి నుంచి కొన్ని వాక్యాలు:

"1363లో ఊరికి పట్టణ హోదా, సంత పెట్టుకునే హక్కు వచ్చాయి. 1746 అగ్నిప్రమాదంలో చర్చి, నలభై ఇళ్ళు కాలిపోయాయి. అటు తరువాతే కప్పులకు గడ్డి మాని రాయి వాడసాగారు. 1885లో రైలు వచ్చాక రాతి పలకలు దేశాంతరాలకు పోవడం మొదలైంది. 1904లో పిల్లల పనిని కట్టడి చేసే చట్టం అమలైంది. అప్పటి నుంచి వెట్స్‌గ్రూన్‌లో పిల్లల చేయి గీకుడు కత్తిని తాకలేదు."

1917 నుంచి 1923 వరకు మూడో పాక పుస్తకాన్ని పలకల కార్ఖానా కార్యాలయంలో స్వయంగా చూశాను. ప్రతి సంవత్సరం కింద పాక పెద్ద మార్టిన్ హైన్‌లైన్ పేరు ఒక్కటే ఉంది. మీ పేరు లేదు. పుస్తకంలో లేని విషయం మీద సంతకం చేయడం నాకు సాధ్యం కాదు. రాతప్రతిని అచ్చుకు ఇచ్చేశాను.

మీ ఆరోగ్యం కుదుటపడాలని కోరుకుంటున్నాను.

ఎ. ట్రెబ్నర్


నూరెంబర్గ్
27 జనవరి 1963

ఎర్హార్ట్ అన్నయ్యగారికి,

ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి. ఆయన రాయనన్నారు కనుక నేను రాస్తున్నాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నా చేతికిచ్చి, "చూడవే, నేను 'గారు' అయిపోయాను" అన్నారు. అప్పటి నుంచి ఆ ఊరి మాట ఎత్తడం లేదు. నేనెత్తితే, "ఏ ఊరు? నేనక్కడ లేనుగా" అంటున్నారు. ముందు వేళాకోళం అనుకున్నాను. ఇప్పుడు వేళాకోళంలా లేదు.

నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఎర్రగళ్ళ పరుపు సంగతి ఆయన మా పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. రోజూ ఊళ్ళో కిటికీలన్నింట్లో తెల్ల పరుపులు ఆరేస్తారని, దొర రైలు దిగిన రోజు మాత్రం స్టేషన్ పక్కింటి పై కిటికీలో ఎర్రగళ్ళది వేలాడేదని, అది చూసి కొండ మీద పిల్లల్ని దాచేసేవారని. ఆ ఇల్లు మీదేనని, పరుపు వేసేది మీ అమ్మగారేనని కూడా చెప్పారు. మీరు కాగితం రాయనిది అందుకేనా? అయితే ఆ మాట మీ నోటితోనే చెప్పండి. అర్థం చేసుకోలేనంత మూర్ఖురాలిని కాను. కానీ ఆయన ఆ ఊళ్ళో లేనేలేరని మాత్రం అనకండి. మార్చి పద్నాలుగున బోర్డు కూర్చుంటుంది. ఆ రోజు కాగితం లేకపోతే ఫైలు మూసేస్తారట. ఆయనకి మళ్ళీ అర్జీ పెట్టే ఓపిక లేదు.

చెల్లెలు,
బాబెట్


వెట్స్‌గ్రూన్
17 ఫిబ్రవరి 1963

ఆల్బిన్,

ఈ ఉత్తరం రాయడానికి మూడు వారాలు పట్టింది. ముందుగా కాగితం జతపరుస్తున్నాను. మునిసిపల్ కార్యాలయంలో అధికారి ఎదుటే సంతకం చేశాను, ముద్ర వేయించాను. నీకు కావలసింది ఇదే కనుక మిగతాది చదవకపోయినా నేనేమీ అనుకోను.

బాబెట్ ఉత్తరం వచ్చాక ఆదివారం అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి అడిగాను. చెవికి దగ్గరగా గట్టిగా అరవాలి కనుక వీధంతా వినే ఉంటుంది.

"అమ్మా, ఆ ఎర్రగళ్ళ పరుపు సంగతి ఎవరికైనా తెలుసా?"

"అదేం ప్రశ్నరా? ఊరందరికీ తెలుసు. తెలియకపోతే వేసి ఏం లాభం?"

"ఇప్పుడు బయటపడితే నీ పేరు వస్తుంది."

"వస్తే? ఎనభై ఏళ్ళదాన్ని జైల్లో పెడతారా? పెట్టనీ. అక్కడైనా వేళకి వేడి సూపు పోస్తారు." రైలు పట్టాలకేసి వేలు చూపించి మళ్ళీ అంది: "మీ నాన్న యుద్ధంలో పోయాడు. దొర రాసుకుపోతే పాక మూతపడేది. అప్పుడు బంగాళాదుంపలు ఎవడు తెచ్చిచ్చేవాడు, ఆ దొరా? తప్పని తెలుసు. తెలిసే వేశాను."

"ఆల్బిన్ ఊపిరాడక మెట్ల మీద ఆగిపోతున్నాడమ్మా."

"అయితే వాడికి కాగితం ఎందుకు రాయలేదు?"

"నీ పరువు కోసం."

"నా పరువా? నన్నడిగావా? నీ పుస్తకానికి ముడత పడుతుందని నన్ను అడ్డం పెట్టుకున్నావు. ఇదిగో, కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టు."

కాఫీ మళ్ళీ పెట్టాను. అమ్మ అన్నది నిజం, కానీ అందులోనూ సగమే. మిగతా సగం ఆమెకు తెలియదు.

పాక పుస్తకంలో నీ పేరు లేదని రాశాను. ఆ పుస్తకం నా చేతిరాతలోనే ఉంది. 1931లో కార్ఖానా యజమాని నన్ను పిలిచాడు. పాత పుస్తకాలు చెమ్మకి పాడవుతున్నాయి, నీ అక్షరం గుండ్రంగా ఉంటుంది, శుభ్రంగా తిరగరాసి పెట్టమన్నాడు. బడి చదువు లేనివాణ్ణి కార్యాలయంలో బల్ల ముందు కూర్చోబెట్టి మంచి సిరా ఇచ్చారు. నాకు ఎంత గర్వంగా ఉండిందో నీకు చెప్పలేను. పాత పుస్తకంలో హైన్‌లైన్ పేరు కింద బొమ్మలు ఉండేవి. పిల్లల పేర్లు రాస్తే చట్టానికి దొరుకుతారు కనుక ముసలాయన ఒక్కొక్క పీటకు ఒక్కొక్క గుర్తు పెట్టుకున్నాడు. చేప, గంట, నక్షత్రం, తాళంచెవి, ఇలా పదకొండు. ఏ రోజు ఎవరు వచ్చారో ఆ గుర్తు గీసేవాడు. నీది చేప.

యజమాని నా భుజం మీదుగా తొంగిచూసి, "ఈ బొమ్మలెందుకు, ట్రెబ్నర్? పాక పెద్ద పేరు ఒక్కటి చాలు" అన్నాడు. నేను పెద్ద పేరు ఒక్కటే రాశాను. ఆరేళ్ళ పుస్తకం నాలుగు పేజీల్లో సరిపోయింది. పాతది ఏం చేయమంటారని అడిగాను. ఆయన పొయ్యి వైపు చూశాడు. పెట్టింది మాత్రం నా చేతులే. ముప్పై రెండేళ్ళుగా ఊరి చరిత్ర సేకరిస్తున్నానని చెప్పుకునేవాడు మొదట చేసిన పని అది.

మేయరుగారిని కలిసి, పిల్లల చేయి కత్తిని తాకలేదని రాసిన నలభై ఒకటో పేజీ మార్చాలన్నాను. "ఇది పండగ పుస్తకం, ట్రెబ్నర్. ఓ పక్క బ్యాండు వాయిస్తుంటే మధ్యలో ఎవరైనా దగ్గుతారా?" అన్నాడు. "దగ్గు వస్తే దగ్గుతారు" అన్నాను. మాటకు మాట అప్పజెప్పడం నాకు చేతకాదు, నీకు తెలుసు. ఎలా వచ్చిందో వచ్చింది. ఆ పేజీ అలాగే ఉంటుంది, లేదా నా పుస్తకమే ఉండదు అని కౌన్సిల్ తీర్మానించింది. అచ్చాఫీసుకు వెళ్ళి రాతప్రతి వెనక్కి తెచ్చుకున్నాను. పండగకి బడి హెడ్మాస్టరు పాటలూ ఫోటోలూ ఉన్న చిన్న పుస్తకం వేస్తాడట.

క్షమించమని అడగడం లేదు. కాగితం బోర్డుకి చేరిందో లేదో ఒక్క ముక్క రాయి.

ఎర్హార్ట్


నూరెంబర్గ్
20 మార్చి 1963

ఒరే ఎర్హార్ట్,

చేరింది. నాకు ఏప్రిల్ పదిహేనో తేదీ నుంచి కొండ మీది ఆసుపత్రిలో మంచం ఇచ్చారు. బాబెట్ అప్పుడే నా ఉన్ని మేజోళ్ళకి చిల్లులు కుడుతోంది. "రాతిదుమ్ము సరే, చలికి పోతే ఆ జబ్బుకి బోర్డు లేదు" అంటోంది.

నీ ఉత్తరం నేను మొత్తం చదివాను. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి పోయి నీళ్ళు తాగి వచ్చాను. తర్వాత మళ్ళీ చదివాను. కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. రెండు రోజులుంది. మూడో రోజు, ఇరవై మూడేళ్ళ నిన్ను ఆ బల్ల ముందు ఊహించుకున్నాను. కొత్త సిరా, కొత్త కాలరు. అప్పుడు కోపం నిలవలేదు. పోయిందని కూడా అనను. నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

బోర్డు సంగతి విను. నలుగురు పెద్దవాళ్ళు, ఒక కుర్ర డాక్టరు. నీ కాగితం ఆ కుర్రాడే పైకి చదివాడు. నువ్వు నా ఒక్కడి పేరూ రాసి ఊరుకుంటావనుకున్నాను. పాకలో ఉన్నవాళ్ళందరి పేర్లూ రాశావు. హెర్మీనె పేరు చదువుతుంటే నాకు చెవి నొప్పి పుట్టింది. చదవడం అయ్యాక ఆ డాక్టరు వేలు పెట్టి లెక్కబెట్టి, "పదకొండు పీటలని రాశారు. పేర్లు పదే ఉన్నాయే?" అన్నాడు.

పెద్దాయన ఒకాయన విసుక్కుని, "ఒకటి ఖాళీగా ఉండి ఉంటుంది" అన్నాడు.

"ఖాళీగా లేదండీ" అన్నాను నేను.

"మరి ఎవరు?"

అది చెప్పవలసింది నేను కాదు. కానీ ఆ కుర్రాడు వదిలేలా లేడు. బయటికి వస్తుంటే వరండాలో పట్టుకున్నాడు. "ఆ సాక్షికి ఇవన్నీ ఇంత బాగా ఎలా తెలుసు? పొయ్యి ఎటువైపు, ఎవరి పక్కన ఎవరు, ఏ పీట కాలు విరిగింది. తలుపు దగ్గర నిలబడి చూసినవాడు ఇలా రాయలేడు" అన్నాడు. తెలివైనవాడు. మనకి అప్పట్లో అలాంటి తనిఖీ దొర వచ్చి ఉంటేనా!

అందుకని నేనూ అడుగుతున్నాను. తాళంచెవి గుర్తు ఎవరిదిరా?

ఇంకోటి. నువ్వు 'దగ్గు వస్తే దగ్గుతారు' అన్నది బాబెట్‌కి చాలా నచ్చింది. "ఆయన దగ్గుతారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పదేళ్ళ క్రితం నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు మాట మధ్యలో లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడివి. సిగరెట్టుకనుకున్నాను. నువ్వు సిగరెట్టు కాల్చవని ఇవాళే గుర్తొచ్చింది.

ఆల్బిన్


వెట్స్‌గ్రూన్
7 ఏప్రిల్ 1963

ఆల్బిన్,

తాళంచెవి నాది. పొయ్యికి కుడివైపు, నీ ఎడమ పక్క. పాత పుస్తకం తిరగరాసినప్పుడు మొదటి పేజీలో మొదట కనిపించిన గుర్తు అదే. మొదట వదిలేసింది కూడా దాన్నే. ఆ తరువాత మిగిలినవి వదలడం కష్టమనిపించలేదు.

నలభై ఏళ్ళుగా ఎవరడిగినా రైల్వేలో చేరాను అనే చెబుతున్నాను. ఏదో ఆకాశంలోంచి ఊడిపడి నేరుగా రైల్వేలో చేరినట్టు. నా పెళ్ళాం పోయేనాటికి కూడా ఆమెకు తెలియదు. నేను చదువుకున్నవాణ్ణి కానని పదిమందికీ తెలుసు, అందుకు సిగ్గుపడలేదు. బడికి పంపవలసిన ఈడులో పలకలు గీకానన్నది మాత్రం చెప్పలేకపోయాను. ఇందులో సిగ్గుపడవలసింది నేను కాదని అమ్మ అంటుంది. తనే సిగ్గుపడాలట. పడనంటోంది కూడా.

బుధవారం మునిసిపల్ కార్యాలయానికి వెళ్ళి రెండో కాగితం రాశాను. అధికారి, "మళ్ళీ ఏమిటండీ ట్రెబ్నర్‌గారూ, ఎవరినైనా మరిచిపోయారా?" అన్నాడు. అవునన్నాను. పదకొండో పేరు రాసి సంతకం చేశాను. పేరూ సంతకమూ ఒకటే కావడం చూసి అతను ముద్ర చేత పట్టుకునే రెండూ మళ్ళీ చదివాడు. తరువాత వేశాడు. ఆ కుర్ర డాక్టరుకు పోస్టు చేశాను.

శుక్రవారం క్రోనాఖ్ ఆసుపత్రికి వెళ్ళాను. వరుసలో నా ముందు ఆరుగురున్నారు. గాజు పలక వెనక చొక్కా లేకుండా నిలబడితే చాలా చలిగా ఉంది. ఎక్స్‌రే తీసే అమ్మాయి ఫారం నింపుతూ నా వైపు చూడకుండానే అడిగింది.

"ఏం పని చేసేవారు?"

"పలకలు గీకేవాణ్ణి."

"ఎన్నో ఏట నుంచి?"

"తొమ్మిదో ఏట నుంచి."

అప్పుడు తలెత్తింది. తప్పు విన్నాననుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం సులువుగానే ఉంది.

ఫలితం ఈస్టర్ తరువాత వస్తుంది. నువ్వు పదిహేనున అక్కడికి చేరగానే నీ పక్క మంచం ఎవరిదో, ఎన్నాళ్ళుంటారో కనుక్కో. ఖాళీ అయ్యేలా ఉంటే నా పేరు చెప్పి ఉంచు. పూర్తి పేరు చెప్పు.

ఎర్హార్ట్ ట్రెబ్నర్